మిర్చి ఘాటుకి దగ్గిన ఖర్చూ ఫీజులోనే

ఫీజులు నిర్ణయించే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. బ్రాడీపేటలో మా ఇంటి మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, "మేడమ్, ఖర్చు రాబట్టే విధానం మీద మీ అనుభవం చెప్పండి" అంటారు. ముందు కాఫీ తాగండి నాయనా అంటాను. ఆ కాఫీ ఊరికే ఇస్తాను. నేను పనిచేసిన సంస్థలో అయితే దానికీ ఒక పేరు పెట్టి బిల్లులో కలిపేవాళ్ళం. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

మాది ల్యాబులకి అక్రిడిటేషన్, అంటే గుర్తింపు, ఇచ్చే సంస్థ. గుంటూరు మిర్చి విదేశాలకి వెళ్ళాలంటే అందులో పురుగుమందు ఎంతుంది, బూజు వల్ల పుట్టే విషం ఉందా లేదా అని ఒక ల్యాబు పరీక్ష చేసి చెప్పాలి. ఆ ల్యాబు సరిగ్గానే చెబుతోందని ఎవరు చెప్పాలి? మేం చెప్పాలి. మేం సరిగ్గా చెబుతున్నామని ఎవరు చెప్పాలి? మా పైన విదేశాల్లో ఇంకొకళ్ళున్నారు. వాళ్ళు విమానంలో వచ్చి, మమ్మల్ని చూసి, భోంచేసి, బాగానే ఉన్నారని చెప్పి వెళతారు. వాళ్ళకయ్యే ఖర్చు మేం కడతాం. మా ఫీజు ల్యాబు కడుతుంది. ల్యాబు ఫీజు వ్యాపారి కడతాడు. వ్యాపారి తను కట్టింది మిర్చి ధరలో కోసుకుంటాడు. అంటే ఆ విమానం టిక్కెట్టు తిరిగి తిరిగి పర్చూరు దగ్గర ఎండలో కల్లం కాపలా కాసే రైతుకి చేరుతుంది. పాపం ఆయనకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే కనీసం కిటికీ పక్క సీటైనా అడిగేవాడు.

ముందు ఖర్చు, తర్వాత లెక్క

ఫీజు పెట్టడం అదేదో పెద్ద శాస్త్రమని బయటివాళ్ళు అనుకుంటారు. నేనూ చేరకముందు అట్లాగే అనుకున్నాను. మాది లాభం చూసుకోని సంస్థ. ప్రభుత్వం రూపాయి ఇవ్వదు. కాబట్టి అయిన ఖర్చంతా ఫీజుల్లోంచే రావాలి. ఇంతవరకూ న్యాయమే, ఇందులో నాకు పేచీ లేదు. తనిఖీకి వెళ్ళే అసెసర్ చదువుకున్నవాడు, ఊరికే వెళ్ళడు. ప్రభుత్వం డబ్బిస్తే ప్రభుత్వం మాట వినాలి, పెద్ద కంపెనీ ఇస్తే పెద్ద కంపెనీ మాట వినాలి. ఎవరి పరీక్షకి వాళ్ళే ఫీజు కట్టుకోవడమే కాస్త శుభ్రమైన పద్ధతి. ఇది మీరు గట్టిగా నమ్మండి, నేను ఇప్పటికీ నమ్ముతాను.

చిక్కంతా ఖర్చు దగ్గరే వచ్చింది. మా డైరెక్టర్ గారు మంచి మనిషి. కోప్పడరు. లంచం ముట్టరు. ఆఫీసులో అటెండర్‌ని కూడా "గారు" అంటారు. ఇన్ని సుగుణాలున్న మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. నేను చేరిన కొత్తలో ఖర్చుల పద్దు చూస్తూ, "సార్, రిసెప్షన్‌లో కుండీల మొక్కలకి నెలనెలా అద్దె కడుతున్నామండి. కొనుక్కుంటే పోదా?" అన్నాను.

ఆయన నవ్వారు. "రాజ్యలక్ష్మి గారూ, ఎంత ఖర్చు పెట్టాలనేది మన విభాగం కాదండి. అయిన ఖర్చు పూర్తిగా రాబట్టడమే మన విభాగం."

ఇదీ శాస్త్రం. సంవత్సరానికి ఎంత ఖర్చవుతుందో రాసుకోవడం, ఎన్ని ల్యాబులున్నాయో చూసుకోవడం, భాగించడం. మా పాత లోగోలో ఆత్మవిశ్వాసం కనబడట్లేదని ఎవరో అంటే కొత్త లోగో చేయించారు. ఆత్మవిశ్వాసం వచ్చింది, ఫీజూ పెరిగింది. ఒకసారి ఖర్చులు తగ్గించుకోవడం ఎలా అనే విషయం మీద సూర్యలంక బీచి దగ్గర రిసార్టులో కూర్చుని చర్చించాం. రొయ్యల వేపుడు చాలా బాగుంది. ఆ చర్చకైన ఖర్చు తరువాతి ఏడాది ఫీజులో కలిసింది.

ఖర్చంతా రాబట్టుకునే హక్కున్నవాడికి ఖర్చు తగ్గించుకోవాలన్న బుద్ధి పుట్టదు. మీరు చదువుకున్న పుస్తకాల్లో ఇది వేరే మాటల్లో ఉంటుంది. నేను చూసింది మాత్రం ఇదే.

మార్చి నెల మాహాత్మ్యం

గుంటూరులో మార్చి అంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు చుట్టూ లారీలు, టిక్కీల మీద టిక్కీలుగా మిర్చి బస్తాలు, గాలిలోనే కారం. ల్యాబులకి అన్నం తినే తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే మా అసెసర్లు దిగేవాళ్ళు. ఎందుకంటే మార్చి ఆఖరుకి మా లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ఆలోపు తనిఖీలు పూర్తయితేనే ఆ ఫీజులు ఆ ఏడాది ఆదాయంలో కనబడతాయి. మిర్చి ఎప్పుడు పండుతుందో చూసుకుని తనిఖీ పెట్టాలని మాకెవ్వరికీ తోచలేదు. లెక్కల సంవత్సరం చూసుకుని మిర్చే పండాలి మరి.

మా వీధికి రెండు వీధుల అవతల, ఒక కోచింగ్ సెంటరు పైఅంతస్తులో సరళ గారి ల్యాబు ఉండేది. ఆవిడ హైదరాబాదులో పెద్ద ల్యాబులో పనిచేసి, సొంతంగా పెట్టుకుందామని గుంటూరు వచ్చేశారు. యంత్రాలకి బ్యాంకు అప్పు. సాయానికి ఇద్దరమ్మాయిలు. పెద్ద ల్యాబులు వ్యాపారుల లాట్లకే టైము లేదనే రోజుల్లో, ఆవిడ రైతులు తెచ్చిన చిన్న సంచులు కూడా తీసుకునేవారు. పర్చూరు వైపు కొందరు రైతులు సంఘంగా చేరి, దళారీ లేకుండా నేరుగా ఎగుమతి కంపెనీకి అమ్ముకుంటున్నారు. కంపెనీ పెట్టిన షరతు ఒకటే, అక్రిడిటేషన్ ఉన్న ల్యాబు రిపోర్టు కావాలి. వాళ్ళకి అందుబాటు ధరలో ఆ రిపోర్టు ఇచ్చేది సరళ గారొక్కరే. ఆవిడ గోడకి వేలాడే మా సర్టిఫికెట్టు ఉన్నంతకాలమే ఆ ల్యాబు, ఆ రైతుల బేరం. అది పోతే రెండూ పోతాయి.

ఒక మార్చిలో ఆవిడ ల్యాబు తనిఖీకి ఉత్తరాది నుంచి ఒక అసెసర్ వచ్చారు. లోకల్ మనిషినని నన్ను కూడా తోడు పంపారు. ఆయన మెట్లు ఎక్కుతూనే దగ్గడం మొదలుపెట్టారు. లోపలికొచ్చాక తుమ్ములు. సాయంత్రానికి కళ్ళు చింతనిప్పులు. గుంటూరులో ఉండటం తన వల్ల కాదని, కృష్ణ ఒడ్డున తాడేపల్లిలో ఏసీ హోటలు గది తీసుకున్నారు. మర్నాటి నుంచీ అక్కణ్ణుంచి కారులో రావడం, కారులో పోవడం. ఆ గది, ఆ కారు, దగ్గు మందు సహా సరళ గారి బిల్లులోకే వెళ్ళాయి.

తనిఖీ జరిగే రోజుల్లో కొత్త శాంపిళ్ళు తీసుకోవడం ఆపాల్సి వచ్చింది. మెట్ల మీద పర్చూరు సంఘం తాలూకు కోటేశ్వరరావు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆరబెట్టిన కాయల మీద వాన పడిందట. పట్టాలు కప్పేలోపే తడిసిపోయాయట. బూజు పట్టిందో లేదో తేలితే గాని కంపెనీవాళ్ళు లారీ పంపరు.

"ఏందమ్మా, నిన్న రమ్మంటే వచ్చా. ఇయ్యాళ గూడా తీసుకోరా?" అన్నాడు నన్ను చూసి.

"తనిఖీ జరుగుతోందయ్యా."

"ఏం తప్పు చేసిందమ్మా ఆవిడ?"

"తప్పేం లేదు. తప్పు చెయ్యట్లేదని చూసుకుంటున్నారు."

"చెయ్యట్లేదని చూట్టానికి పని ఆపెయ్యాలా? పని చేస్తా ఉంటే గదా చూడాల్సింది?"

ఏసీ పనిచేస్తోందో లేదో చూసొస్తానని లోపలికి వెళ్ళిపోయాను.

అసెసర్ గారి రిపోర్టులో పెద్ద లోపాలేమీ లేవు. ఒక్కటి మాత్రం రాశారు, "ఆవరణలో మిరపకాయల ఘాటు వాసన ఉన్నది, సరిదిద్దవలెను" అని. గుంటూరులో, మిర్చి ల్యాబులో! సరళ గారు అది చదివి నా మొహం చూశారు.

"ఏం సరిదిద్దమంటారు మేడమ్ గారూ? ఊరినా?"

"ఫ్యాను పెట్టించామని రాయండి," అన్నాను.

ఆవిడ ఫ్యాను పెట్టించారు. ఆ ఫ్యాను తిరుగుతోందని నిర్ధారించుకోవడానికి మా వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ రాకకి వేరే ఫీజు. దాన్ని మా భాషలో అనుసరణ సందర్శన అంటారు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి!

వెళ్ళిపోయినవాళ్ళ వాటా

ఫీజులు పెరిగేకొద్దీ చిన్న ల్యాబులు ఒక్కొక్కటే మాకు దణ్ణం పెట్టి తప్పుకున్నాయి. ల్యాబులు తగ్గాయి గాని ఖర్చు తగ్గలేదు. మొక్కల అద్దె మొక్కల అద్దే, లోగో లోగోయే. మళ్ళీ భాగిస్తే మిగిలినవాళ్ళ వాటా పెరిగింది. దాంతో ఇంకొందరు పోయారు. ఇలాగే సాగితే చివరికి ఒక్క ల్యాబు మిగులుతుంది, మన ఆఫీసు మొత్తాన్ని అదే పోషించాలి అని మీటింగులో అన్నాను. అందరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

మీటింగయ్యాక డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. "సార్, గుంటూరు, ఒంగోలు, చీరాల వైపున్న చిన్న ల్యాబులన్నిటికీ కలిపి ఒకే ప్రయాణం పెడదామండి. అసెసర్‌ని దగ్గర ఊళ్ళ నుంచి తీసుకుందాం, ఘాటు అలవాటున్న మనిషైతే ఇంకా మంచిది. ఒకటే కారు. ఆగస్టులో పెడితే వాళ్ళకీ పని ఒత్తిడి ఉండదు, హోటళ్ళూ చవక. ఒక్కొక్కళ్ళ ఫీజు సగానికి సగం తగ్గుతుంది."

ఆయన శ్రద్ధగా విన్నారు. ఎప్పుడూ శ్రద్ధగానే వినేవారు.

"చాలా బాగుందండి. కాని ఆగస్టు ఆదాయం మార్చిలో ఎలా చూపిస్తాం?"

"మార్చి ఆగస్టు తర్వాతే కదండీ వచ్చేది? అదే సంవత్సరం లెక్కలోకి వస్తుంది."

"అది నిజమేననుకోండి. కాని మార్చిలో ఒక ఊపు ఉంటుంది చూశారూ, అది పోతుంది."

ఊపు! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊపు కోసం సరళ గారి ల్యాబు మూయించకండి సార్" అనేశాను. అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన నొచ్చుకోలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, "చిన్న ల్యాబులకి ఏదో ఒకటి చెయ్యాలండి, తప్పకుండా చెయ్యాలి" అన్నారు. నేను సంతోషంగా బయటికొచ్చాను. అంతలోనే సంతోషించకూడదని తెలుసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది.

రాయితీకి కట్టాల్సినవి

ఆ ఏదో ఒకటి చెయ్యడానికి ముందు ఒక కమిటీ వేశారు. కమిటీ నాలుగు ఊళ్ళు తిరిగింది. చివరి సమావేశం గుంటూరులోనే, హోటలు హాల్లో. వేదిక మీద పూలగుత్తులు, శాలువాలు, ప్రతి కుర్చీలో ఒక సంచి, సంచిలో కొత్త లోగో ఉన్న నీళ్ళ సీసా. చిన్న ల్యాబులకి ఫీజులో రాయితీ ఇస్తున్నట్టు డైరెక్టర్ గారు ప్రకటించారు. చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

సరళ గారు వెనక వరుసలో లేచి నిలబడ్డారు. "చాలా సంతోషమండి. ఒక చిన్న సందేహం. ఈ మీటింగు ఖర్చు ఎందులో వేస్తారండి?"

డైరెక్టర్ గారు చిరునవ్వుతో, "అది చాలా స్వల్పమండి. అందరికీ సమానంగా సర్దుతాం" అన్నారు.

"అయితే సీసా ఇక్కడే పెట్టి వెళ్ళొచ్చాండి? కొంత తగ్గుతుందేమో," అన్నారు సరళ గారు. పగలబడి నవ్వింది నేనొక్కదాన్నే. పక్కనున్నాయన నా మోచెయ్యి నొక్కాడు.

ఇంతకీ ఆ రాయితీ సంగతి. అడిగినవాడికల్లా ఇవ్వడం కుదరదు కదా, నిజంగా చిన్న ల్యాబో కాదో తేల్చాలి. కాబట్టి రాయితీ కావాలంటే ముందు దరఖాస్తు ఫీజు కట్టాలి. తర్వాత ల్యాబు చిన్నదని నిర్ధారించడానికి ఒక అసెసర్ వస్తారు. కమిటీ తిరుగుళ్ళకైన ఖర్చు రాబట్టడానికి చిన్న సేవా రుసుము. ఈ నిబంధనల ముసాయిదా నా బల్ల మీదికి వచ్చినప్పుడు, నిర్ధారణ ఖర్చు రాయితీ కంటే ఎక్కువవుతుందని ఎర్ర సిరాతో రాసి పంపాను. "గమనించాము" అని రాసి తిరిగొచ్చింది. మా ఆఫీసులో గమనించడం అంటే పని పూర్తయినట్టే.

సరళ గారు దరఖాస్తు చేశారు. చెయ్యొద్దని చెబుదామని వెళ్ళాను. "బ్యాంకువాళ్ళకి చూపించుకోవాలి మేడమ్ గారూ. గుర్తింపు ఉంటేనే అప్పు మళ్ళీ సర్దుతామంటున్నారు. ఇదొక్కసారి చూస్తాను," అన్నారు. ఓరగా ఆ ఇద్దరమ్మాయిల వైపు చూశారు. వాళ్ళు తల వంచుకుని సీసాలు కడుగుతున్నారు.

నిర్ధారణకి అసెసర్ వచ్చారు. మళ్ళీ మార్చిలోనే. అదే మనిషి. అదే తాడేపల్లి. మూతికి గుడ్డ కట్టుకుని గదులు కొలిచారు, యంత్రాలు లెక్కపెట్టారు, ఫ్యాను తిరుగుతోందని సంతోషించారు. ఈ ల్యాబు నిస్సందేహంగా చిన్నదని, రాయితీకి అన్ని విధాలా అర్హత ఉందని రాశారు. బిల్లు వచ్చింది. రాయితీ వల్ల మిగిలినదానికంటే బిల్లు ఎక్కువ.

ఆ బిల్లు మీద సంతకం నాదే. దాన్ని పోస్టులో పంపడానికి మనసొప్పక చేతికివ్వడానికి వెళ్ళాను. సరళ గారు రెండుసార్లు చదివారు. అరుస్తారనుకున్నాను, ఏడుస్తారనుకున్నాను. స్టూలు లాక్కుని ఎక్కి, గోడ మీది సర్టిఫికెట్టు తీసి, చీర కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచి నా చేతికిచ్చారు.

"తీసుకెళ్ళండి మేడమ్ గారూ. ఇంక నా వల్ల కాదు."

"వదిలేసుకోవాలన్నా..." అని ఆగిపోయాను.

"ఊఁ, చెప్పండి."

"ఫైలు మూయడానికి ఫీజుంటుందండి."

ఆవిడ చాలాసేపు నవ్వారు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయిల్లో ఒకళ్ళని ఆ నెలాఖరుకి మానిపించాల్సి వచ్చింది. పర్చూరు సంఘం శాంపిళ్ళు దూరంగా పెద్ద ల్యాబుకి వెళ్ళడం మొదలైంది. అక్కడ ధర ఎక్కువ, రిపోర్టు ఆలస్యం. ఆలస్యమైనప్పుడల్లా కంపెనీ ధర తగ్గించేది.

డైరెక్టర్ గారికి ఇదంతా చెప్పాను. మొహం నిజంగానే చిన్నబోయింది. "అయ్యో పాపం. మంచి ల్యాబండి అది," అన్నారు. తర్వాత, "ఆవిడ వాటా మిగతావాళ్ళ మీద సర్దేశారా?" అని అడిగారు.

సర్దేశాను. నా ఉద్యోగం అదే.

ఇంట్లోకి

పదవీ విరమణ చేసి బ్రాడీపేట వచ్చేశాక చాలాకాలం ఆ వీధి వైపు వెళ్ళలేదు. మొన్న సీజన్లో ధైర్యం చేసి వెళ్ళాను. ల్యాబు ఉంది. సగానికి తగ్గింది. ఒక గది కోచింగ్ సెంటరుకి అద్దెకిచ్చేశారు. సర్టిఫికెట్టు ఉన్న మేకుకి కోల్డ్ స్టోరేజీవాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. సరళ గారు నన్ను చూసి లేచి కుర్చీ వేశారు. నేను బిల్లేమీ తేలేదని ముందే చెప్పాను.

మాట్లాడుకుంటుండగా కోటేశ్వరరావు వచ్చాడు. చేతిలో అదే తీరు సంచి. నాకు ఆశ్చర్యం వేసింది.

"ఏమయ్యా, ఈ ల్యాబు రిపోర్టు కంపెనీవాళ్ళు ఒప్పుకోరు కదా?"

"ఒప్పుకోరమ్మా. వాళ్ళకి వేరే సంచి పంపిచ్చా, ఆ పెద్ద ల్యాబుకి. రెండు వారాలైంది, ఇంకా రాలా."

"మరి ఇదెందుకు?"

"ఇది ఇంట్లోకమ్మా. ఏడాది కారం కొట్టిచ్చుకోవాలి గదా. కల్లంలో మళ్ళీ తడిసినయ్యి. పిల్లలు తినేది. సరళమ్మ చూసి బాగుందంటే కొట్టిచ్చుకుంటాం, లేదంటే పారబోస్తాం."

"కాగితం లేకపోయినా ఫర్వాలేదా?"

"కాగితం బయటోళ్ళకమ్మా. ఇంట్లో తినేదానికి కాగితమెందుకు?" అన్నాడు, నాకేదో తెలియని విషయం చెబుతున్నట్టు కాకుండా, అందరికీ తెలిసిన సంగతే చెబుతున్నట్టు.

సరళ గారు సంచి విప్పి కాయలు తెల్ల పళ్ళెంలో పోసి చూడటం మొదలుపెట్టారు. ఘాటుకి నాకూ దగ్గొచ్చింది. ఆవిడ లేచి ఆ పాత ఫ్యాను వేశారు.

పిల్లలూ, ల్యాబులకి గుర్తింపునిచ్చేది ఇలాంటి నమ్మకం కోసమే. ఇంట్లో పిల్లలు తినే కారం మీద ఒక రైతుకి ఒక ల్యాబు మీద ఉన్న నమ్మకం. మా లోగో, మా కమిటీలు, మా తాడేపల్లి గది, ఇన్నేళ్ళూ కలిసి ఈ దేశంలో ఎవరిలోనూ దాన్ని పుట్టించలేకపోయాయి. అది పుట్టినచోట మేం ఫీజు వేసి సగం మూయించాం. దానికి ఎంత ధర కట్టాలో నాకిప్పటికీ తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే సంతోషం. దయచేసి మా డైరెక్టర్ గారికి మాత్రం చెప్పకండి.